పిల్లి ఫీడరునకు వైఫై అందనప్పుడు

ఇంట పెంచుకొను పిల్లికో కుక్కకో వేళకు ఆహారము వడ్డించు యంత్రములు ఇప్పుడు మన పట్టణములలో పెక్కు ఇండ్లలో కనబడుచున్నవి. భార్యాభర్తలిద్దరును ఉద్యోగములకు పోవు ఇండ్లలోను, పండుగకు రెండు దినములు ఊరికి పోవలసి వచ్చు ఇండ్లలోను వీటి ఉపయోగము వేరుగా చెప్పనక్కరలేదు. అంగళ్లలో వీటిని పెట్ ఫీడర్లందురు. మేమును ఫీడరు అనియే వ్యవహరింతుము. పైన ఎండు ఆహారపు గింజలు నింపు డబ్బా, దాని క్రింద తిరుగు చిన్న మోటారు, గింజలు జారిపడు గొట్టము, దిగువను పళ్లెము. ఇంతే దీని నిర్మాణము. దీనికి ఒక గడియారమును, ఒక వైఫై చిప్పును జోడించినందున యజమాని ఎక్కడ నున్నను చేతిలోని ఫోను ద్వారా ఆహారము పెట్టుమని ఆజ్ఞాపింపగలడు. పెట్టినదో లేదో తెలిసికొనగలడు.

అయితే ఒకనాడు ఫోను తెరపై "యంత్రము అందుబాటులో లేదు" అను మాట కనబడును. యజమాని రాజమహేంద్రవరములో నున్నాడు, పిల్లి హైదరాబాదులో నున్నది. అది తిన్నదో పస్తున్నదో తెలియదు. ఇట్టి సమయమున చాలమంది ఇంటి దగ్గర ఎవరినైన పంపి మొట్టమొదట చేయించు పని ఫీడరు వెనుకనున్న రీసెట్ బొత్తమును నొక్కించుట. అది చిట్టచివర చేయవలసిన పని యని మా సలహా. పెక్కు యంత్రములలో ఆ బొత్తము వైఫై వివరములతో పాటు భోజనవేళల పట్టికను కూడ తుడిచివేయును. అప్పటివరకు వార్త మాత్రమే అందకుండెను. ఇప్పుడు అన్నమే పడకుండ పోవును. కావున లోపము ఎచ్చట నున్నదో మొదట కనుగొనవలెను. దానికొక క్రమము గలదు.

ఫోనునందు మీరు నొక్కిన ఆజ్ఞ తిన్నగా ఫీడరునకు పోదు. అది నాలుగు లంకెలు దాటవలెను. మొదటిది మీ ఫోను నుండి ఇంటర్నెట్టు వరకు. రెండవది ఫీడరును తయారుచేసిన సంస్థవారి సర్వరు. మూడవది మీ ఇంటికి వచ్చు ఇంటర్నెట్టు లైను, రౌటరు. నాలుగవది రౌటరు నుండి ఫీడరు వరకు గాలిలో పోవు దారి. ఇందు ఏ యొక్కటి తెగినను ఫోను తెరపై కనబడునది అదే మాట. యంత్రము అందుబాటులో లేదనుటకు యంత్రము చెడినదని అర్థము కాదు.

ఏ లంకె తెగినదో తెలిసికొనుటకు పనిముట్లు అక్కరలేదు. మీ ఫోనులో తక్కిన యాప్‌లు పనిచేయుచున్నవా? పనిచేయుచున్న యెడల మొదటి లంకె బాగున్నది. ఇంటిలో వైఫైతో నడుచు మరియొక వస్తువు, కెమెరాయో, టీవీయో, ఇంటివారి ఫోనో పనిచేయుచున్నదా? అట్లయిన మూడవ లంకెయు బాగున్నది. ఇక ఫీడరుపై నున్న చిన్న దీపమును చూడవలెను. చాల యంత్రములలో ఆ దీపము నిలకడగా వెలుగుచుండిన రౌటరుతో కలిసియున్నదనియు, మినుకుమినుకుమనుచుండిన కలియలేదనియు అర్థము. మీ యంత్రమునకు ఏ గుర్తు ఏర్పరచిరో దానితో వచ్చిన చిన్న పుస్తకము చెప్పును. దీపము నిలకడగా వెలుగుచుండియు ఫోను మాత్రము లేదని చెప్పుచున్నచో లోపము తరచుగా రెండవ లంకెలో, అనగా సంస్థవారి సర్వరులో నుండును. అప్పుడు మీరు మీ ఇంట ఏ బొత్తము నొక్కినను ప్రయోజనము లేదు. దీపము మినుకుచుండినచో లోపము నాలుగవ లంకెలో, అనగా గాలిలో నున్నది.

గాలిలోని ఈ దారిని గురించి రేడియో వినువారికి బోధపరచుట సులభము. వైఫై యనగా రేడియోయే గాని వేరొకటి కాదు. మీ రౌటరు ఒక చిన్న ప్రసార కేంద్రము. హైదరాబాదు "ఏ" కేంద్రమునకు చెందిన 738 కిలోహెర్ట్జుల మీడియం తరంగము పొడవు సుమారు 406 మీటర్లు. వైఫై వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. 5 గిగాహెర్ట్జుల తరంగము ఆరు సెంటీమీటర్ల లోపే. మీడియం తరంగము ఊళ్లు దాటి పోవును. ఈ పొట్టి తరంగములు మన ఇంటి గోడలు దాటుటకే శ్రమపడును. రెండింటిలో 5 గిగాహెర్ట్జులది వేగముగా ఎక్కువ సమాచారమును మోయును గాని గోడకు త్వరగా లొంగిపోవును. 2.4 గిగాహెర్ట్జులది నెమ్మదిగా పోయినను దూరము పోవును.

మరియొక భేదము గలదు. మేము మాటలాడుదుము, మీరు విందురు. మీ రేడియో మాకు బదులు చెప్పనక్కరలేదు. వైఫైలో అట్లు కాదు. రౌటరు మాట ఫీడరునకు వినబడుట చాలదు; ఫీడరు మాట రౌటరునకు వినబడవలెను. ఫీడరులోని ఏరియల్ గోరంత రాగిగీత. దాని శక్తియు స్వల్పమే. అందుచేతనే ఫీడరు పక్కనే నిలుచున్న మీ ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనబడుచున్నను ఫీడరు మాత్రము కలియకపోవుట సంభవించును. ఫోనుకు అందినది ఫీడరునకును అందవలెనను నియమము లేదు.

ఇక నాలుగవ లంకెలోని చిక్కులను రెండు తరగతులుగా విభజింపవచ్చును. కొని తెచ్చిననాటి నుండియు కలియని యంత్రము ఒకటి. కొన్నాళ్లు కలిసియుండి పిదప విడిపోయిన యంత్రము మరియొకటి. ఈ రెండింటికి కారణములు వేరు, చికిత్సలును వేరు.

మొదటినుండియు కలియని యంత్రము సంగతి చూతము. ఇందు ప్రధాన కారణము పైన చెప్పిన రెండు పట్టీల భేదమే. చౌకగా దొరకు గృహోపకరణములలో అమర్చు వైఫై చిప్పులు చాలవరకు 2.4 గిగాహెర్ట్జులను మాత్రమే వినగలవు. షాంఘై నగరమందలి ఎస్‌ప్రెసిఫ్ సంస్థవారు 2014లో వెలువరించిన ఇ.ఎస్.పి. 8266 అను చిప్పు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మీ ఫోనును రౌటరును రెండు పట్టీలయందును మాటలాడును. పైగా నేటి రౌటర్లు రెండు పట్టీలకును ఒకే పేరు పెట్టి, ఏ వస్తువునకు ఏది తగునో తామే నిర్ణయించును. జతకలుపు సమయమున ఫోను 5 గిగాహెర్ట్జులపై నుండిన యెడల కొన్ని యాప్‌లు ఫీడరును ఆ పట్టీయందే వెదకుమని పంపును. షార్టువేవు లేని రేడియోలో షార్టువేవు కేంద్రమును వెదకినట్లే యగును.

దీనికి మందు సులభము. రౌటరు అమరికలలోనికి పోయి రెండు పట్టీలకు వేరువేరు పేర్లు పెట్టవలెను. లేదా జతకలుపునంతసేపు 5 గిగాహెర్ట్జుల పట్టీని ఆపివేయవలెను. ఫీడరు ఒకసారి కలిసిన పిదప దానిని మరల తెరచినను చిక్కుండదు. ఇది చేతకానివారు ఫోనును పట్టుకొని రౌటరునకు రెండు గదులు దూరముగా పోయి ప్రయత్నింపవచ్చును. అంత దూరమున 5 గిగాహెర్ట్జులు బలహీనపడి ఫోను తనంతట తానే 2.4కు మారుట కద్దు. అయితే ఫీడరును కూడ వెంట తీసికొనిపోవలెనని మరువరాదు.

రెండవ కారణము తాళపు భాష. వైఫై సంభాషణ పరులకు తెలియకుండ రహస్యలిపిలో సాగును. 2004లో వచ్చిన డబ్ల్యు.పి.ఎ.2 అను పద్ధతి ఫీడర్లకు తెలియును. 2018లో ప్రకటింపబడిన డబ్ల్యు.పి.ఎ.3 పద్ధతి పాత ఫీడర్లకు తెలియదు. మీ క్రొత్త రౌటరు మూడవ పద్ధతిలో మాత్రమే మాటలాడునట్లు అమర్చబడియుండిన, పాస్‌వర్డు సరిగానున్నను తలుపు తెరచుకొనదు. రెండు పద్ధతులను అంగీకరించు మిశ్రమపు అమరికను ఎన్నుకొనవలెను.

మూడవది అక్షరదోషము. పాస్‌వర్డులో ఇంగ్లీషు పెద్ద అక్షరములకును చిన్న అక్షరములకును భేదము గలదు. ఫోను తనంతట తాను మొదటి అక్షరమును పెద్దది చేయుట, చివర ఒక ఖాళీని చేర్చుట సామాన్యము. కొందరు తమ వైఫైకి తెలుగు లిపిలో ముచ్చటగా పేరు పెట్టుకొందురు. భాషాభిమానము మెచ్చదగినదే గాని, కొన్ని ఫీడర్లు ఇంగ్లీషు అక్షరములు, అంకెలు తప్ప మరియొకటి చదువలేవు.

నాలుగవది ఫోనులోనే యుండును. జతకలుపు సమయమున కొన్ని ఫీడర్లు తామే ఒక చిన్న వైఫైని ప్రసారము చేయును. ఫోను దానితో కలిసి ఇంటి వైఫై పేరును, పాస్‌వర్డును అప్పగింపవలెను. కాని ఆ చిన్న వైఫైలో ఇంటర్నెట్టు లేదు. తెలివైన ఫోను ఇది గమనించి, మీకు చెప్పకయే మొబైల్ డేటాలోనికి దుమికిపోవును. అప్పగింత మధ్యలోనే ఆగిపోవును. కావున ఆ కొద్ది నిమిషములు మొబైల్ డేటాను ఆపివేయవలెను. వి.పి.ఎన్. ఉన్నచో దానిని కూడ ఆపవలెను. యాప్ అడిగిన లొకేషను, బ్లూటూతు అనుమతులను ఈయవలెను. చుట్టుపట్ల గల వైఫైల పేర్లను చూచుటకు ఫోను ఆ అనుమతులను కోరును.

ఇక రెండవ తరగతి: కలిసియుండి విడిపోయినవి. మన ప్రాంతములలో దీనికి తరచైన కారణము కరెంటు పోయి వచ్చుట. కరెంటు తిరిగి రాగానే ఫీడరు కొన్ని క్షణములలో మేల్కొనును. ఫైబరు పెట్టెకును రౌటరునకును నాలుగైదు నిమిషములు పట్టవచ్చును. ఈలోపల ఫీడరు పిలిచి పిలిచి, బదులు లేక, కొన్ని రకములలో ప్రయత్నమునే మానుకొనును. అట్టిచో రీసెట్ అక్కరలేదు. రౌటరు పూర్తిగా లేచిన తరువాత ఫీడరు ప్లగ్గును తీసి, అర నిమిషమాగి మరల పెట్టిన చాలును. మొదట రౌటరు, పిదప ఫీడరు. ఈ వరుస తప్పరాదు. ఇన్వర్టరు గల ఇండ్లలో ఫైబరు పెట్టెను, రౌటరును కూడ ఇన్వర్టరు లైనుపై నుంచుట ఉత్తమము. లోపల బ్యాటరీలు గల ఫీడర్లలో కొన్ని కరెంటు లేనప్పుడు బ్యాటరీ ఆదాకై వైఫైని తామే ఆపుకొనును. అప్పుడు ఫోనులో కనబడకున్నను గడియారము నడచుచుండును, ఆహారము పడుచుండును. ఇది లోపము కాదు.

రెండవ కారణము చోటు. ఫీడరును సాధారణముగా వంటింటి మూలను, ఫ్రిజ్ ప్రక్కనో, ఇనుప బీరువా చాటుననో నేలమీద పెట్టుదురు. రేకు తరంగమును వెనుకకు కొట్టును. నీరు త్రాగివేయును. చేపలతొట్టి వెనుక నున్నను అంతే. ఇనుపచువ్వలు దట్టముగా గల కాంక్రీటు గోడ ఇటుకగోడ కన్న గట్టి అడ్డు. రౌటరునందో ఫీడరు యాప్‌లోనో సంకేతబలము మైనస్ అంకెలలో కనబడును. మైనస్ 60 ఉన్నచో చక్కగా నున్నదనవచ్చును. మైనస్ 70 ఉన్నచో అంతంతమాత్రము. మైనస్ 80 అయినచో నిలువదు. ఈ లెక్కలో పది తగ్గిన బలము పదియవ వంతగునని గుర్తుంచుకొనవలెను. తరంగము చిన్నది గావున ఫీడరును రెండు మూడడుగులు జరుపుటయే ఒక్కొక్కప్పుడు చాలును. పూర్వము రేడియోను బల్లపై అటు ఇటు త్రిప్పి కేంద్రమును నిలువబెట్టుకొనిన ఇండ్లవారికి ఈ విద్య క్రొత్త కాదు.

మూడవ కారణము రద్దీ. ఈ 2.4 గిగాహెర్ట్జుల పట్టీలో మాటలాడుటకు ఎవరును లైసెన్సు తీసికొననక్కరలేదు. కావున అందరును ఇచ్చటనే మాటలాడుదురు. బ్లూటూతు పరికరములు ఇందే యున్నవి. మైక్రోవేవ్ పొయ్యి 2.45 గిగాహెర్ట్జుల వద్ద పనిచేయును. దాని తలుపు సందుల నుండి వెలువడు కొలదిపాటి శక్తి మనకు హానిచేయకున్నను ఫీడరు చెవికి హోరుగా వినబడును. పొయ్యి వెలిగించినప్పుడెల్ల ఫీడరు తెగిపోవుచున్న యెడల రెండింటిని ఎడముగా ఉంచవలెను. అపార్టుమెంటులలో పది ఇండ్ల రౌటర్లు ఒకే చానలుపై అరచుచుండును. ఒకదానిపై ఒకటి పడకుండు చానళ్లు 1, 6, 11 మాత్రమే. మీ రౌటరును ఈ మూడింటిలో రద్దీ తక్కువ గలదానిపై నిలుపవలెను. చానలు వెడల్పును 20 మెగాహెర్ట్జులకు తగ్గించుట కూడ మేలు.

నాలుగవది రౌటరును మార్చుట. ఇంటర్నెట్టు సంస్థను మార్చినప్పుడు క్రొత్త పెట్టె క్రొత్త పేరుతో వచ్చును. ఫీడరు పాత పేరునే వెదకుచు కూర్చుండును. క్రొత్త రౌటరునకు పాత పేరునే, పాత పాస్‌వర్డునే అక్షరము తప్పకుండ పెట్టిన యెడల ఇంటనున్న ఉపకరణములు చాలవరకు తమంతట తామే వచ్చి కలియును. ఈ చిన్న ఉపాయము గంటల శ్రమను తప్పించును.

ఇన్ని చెప్పినను రెండవ లంకె మన చేతిలో లేదు. అమెరికాలో పెట్‌నెట్ అను సంస్థవారి ఫీడర్లకు 2016 జూలైలో సర్వరు చిక్కు వచ్చి, కొందరి ఇండ్లలో వేళకు ఆహారము పడలేదు. మరల 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థవారి ఫీడర్లు పెక్కుదినములు ఫోనులకు అందలేదు. ఆ ఇండ్ల రౌటర్లలో లోపము లేదు, మోటార్లలో లోపము లేదు. ఎక్కడో దూరముననున్న సర్వరు ఆగినందున ఇంటిలోని పళ్లెము ఖాళీగా నుండెను. ఈ ఉదంతము నుండి గ్రహింపవలసిన దొకటి కలదు. ఫీడరును కొనునప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న "కెమెరా గలదా?" అని కాదు. "వైఫై పోయినను వేళకు పెట్టునా?" అని.

దీనికి జవాబు అంగడివాని నోట వినుట కన్న ఇంట పరీక్షించుట మేలు. మీరు ఇంటనున్న దినమున భోజనవేళకు గంట ముందు రౌటరును ఆపివేయుడు. వేళకు ఆహారము పడినచో పట్టిక ఫీడరులోనే భద్రముగా నున్నదన్నమాట. పడకున్నచో ఆ ఫీడరు ప్రతి భోజనమునకు సర్వరు అనుమతికై చూచుచున్నది. తరువాత రెండవ పరీక్ష: రౌటరు ఆగియుండగనే ఫీడరు ప్లగ్గును తీసి మరల పెట్టుడు. కొన్ని యంత్రములు సరియైన వేళను ఇంటర్నెట్టు నుండియే తెలిసికొనును. కరెంటు పోయి వచ్చి, ఇంటర్నెట్టు లేకున్న వాటికి ఎంత ప్రొద్దయినదో తెలియదు. బ్యాటరీలు గలవానిలో ఈ చిక్కు తక్కువ. ఈ రెండు పరీక్షలలో నిలువని ఫీడరును నమ్మి ఊరికి పోరాదు.

మరియొక హెచ్చరిక. "ఆహారము పెట్టబడినది" అని ఫోను చెప్పినంత మాత్రమున అది పళ్లెములో పడినట్లు కాదు. పెక్కు యంత్రములు మోటారు తిరిగినదని మాత్రమే చెప్పును. వానకాలమున గింజలు చెమ్మగిల్లి గొట్టములో ముద్దకట్టిన, మోటారు తిరిగినను ఏమియు పడదు. డబ్బా ఖాళీయైనను ఇదే మాట వచ్చు యంత్రములున్నవి. అట్లే రీసెట్ చేయక తప్పని పక్షమున, చేసిన వెంటనే భోజనవేళల పట్టికను తెరచి చూచి, ఒక వంతు పెట్టించి, పళ్లెమును కన్నులార చూడవలెను. కెమెరా గల ఫీడరునకు అంగడినుండి వచ్చిన పాస్‌వర్డును తప్పక మార్చవలెను.

ఇంత జాగ్రత్త ఎందుకని ఎవరైన అడుగవచ్చును. రేడియో మూగవోయిన మనకు ఒక పాట పోవును. ఫీడరు మూగవోయిన పోవునది ఒక ప్రాణి భోజనము. పిల్లి, విశేషించి బలిసిన పిల్లి, రెండు మూడు దినములు ఏమియు తినకున్న దాని కాలేయమున క్రొవ్వు పేరుకొని ప్రాణాపాయము కలుగవచ్చును. నీరు లేకున్న అపాయము మరింత త్వరగా వచ్చును. ఫీడరు నీరు పోయదు. తలుపు మూసిన ఇంటిలోని ప్రాణి తన ఆకలిని వేరొకరికి చెప్పుకొనలేదు.

కావున ఊరికి పోవువారు ఇంటి తాళము చెవి నొకదానిని పొరుగువారికో బంధువులకో ఇచ్చి, దినమునకు ఒకమారు పళ్లెమును, నీటిగిన్నెను చూచి రమ్మని కోరవలెను. రౌటరు ఎక్కడ నున్నదో, ఏ ప్లగ్గును మొదట తీసి పెట్టవలెనో ఒక కాగితముపై వ్రాసి ఫీడరు ప్రక్కనే అంటింపవలెను. రీసెట్ బొత్తమును ముట్టవద్దని కూడ అందు వ్రాయవలెను. చేరెడు గింజలు విడిగా ఒక డబ్బాలో పోసి, ఆ కాగితము దగ్గరనే ఉంచిన మంచిది. వైఫై సరిచేయుట ఆ వచ్చినవారికి చేతగాకపోవచ్చును. గింజలు తీసి పళ్లెములో పోయుట అందరికిని చేతనగును.